ఇంజనుకు బోరు

ఎర్రబండపల్లి,
6 ఫిబ్రవరి 1982

తమ్ముడు ఈరప్పకు అక్క సిద్దమ్మ దీవెనలు.

ఇక్కడ మనుషులం బాగున్నాం, చేను బాగాలేదు. కాబట్టి సగం క్షేమం అని రాస్తున్నాను. నువ్వు ఆ బెంగుళూరులో వేళకు తింటున్నావనే అనుకుంటున్నాను. తినకపోతే నాకు రాయకు, కోపం వస్తుంది.

నాయన మనిద్దరికీ వదిలిపోయిన గొర్రెల్ని మీ బావ మడకశిర సంతకు తోలుకుపోయి అమ్మేశాడు. మేత లేదు, ఇంకో నెల ఉంచితే ఉన్ని మాత్రమే మిగిలేది. నీ భాగం దుడ్లు మనియార్డరు చేశాను. మా భాగం గింజలకూ ఎద్దుకూ సరిపోయింది. నీ దుడ్లు నీ ఇష్టం. కానీ తిని, తిరిగి పోగొట్టుకోకు. పదికాలాలు నిలిచే పనికి పెట్టు.

ఇంకో సంగతి. మన ఇంజను గతి ఏమీ బాగాలేదు, బురదే తాగుతోంది. రెండేళ్లుగా వేరుశనగ ఇంటికి రాలేదు. ఈ ఏడు కూడా ఇంతే అయితే బళ్లారి దిక్కు కూలికి పోతానని మీ బావ మూట కూడా కట్టి పెట్టుకున్నాడు. ఇంజనుకు ఏం చేయాలో నువ్వే ఆలోచించి రాయి. యంత్రాల మధ్య బతికేవాడివి.

మీ బావకు చదువు రాదు కదా. నీ ఉత్తరం నేను గడప మీద కూర్చొని గట్టిగా చదువుతాను, వీధంతా వింటుంది. చూసుకొని రాయి.

నీ అక్క,
సిద్దమ్మ


బెంగుళూరు,
20 ఫిబ్రవరి 1982

అక్కకు, లింగప్ప బావకు, వింటున్న వీధికి నమస్కారాలు.

దుడ్లు అందాయి. వేళకు తింటున్నాను. మా లేత్ షెడ్డు యజమాని గురప్పన్న ఇంట్లో ఆదివారం ముద్ద, ఊరిబిండి పెట్టారు. నువ్వు గుర్తొచ్చావు.

పోయిన వారం నా ఎజ్డీ మీద మైసూరు దాకా పోయి వచ్చాను. వెనక ఒక మనిషిని కూర్చోబెట్టుకొని, పెట్టె కట్టుకొని దూరాలు పోవాలంటే అలాంటి మోటారు సైకిలు ఇంకోటి లేదు. ఎత్తు వస్తే మాత్రం ఆయాసపడుతోంది.

ఇక నువ్వు అడిగిన ఇంజను సంగతి. రాత్రీ పగలూ నేను ఆలోచిస్తున్నదీ అదే, నీకెలా తెలిసిందో మరి. పాతది అరిగిపోయింది, పైపై వైద్యం పనికిరాదు. అందుకే గొర్రెల దుడ్లు మొత్తం పెట్టి బోరు వేయిస్తున్నాను. చిన్నాచితకా కాదు, పెద్ద బోరే. ఖర్చు చూసి గురప్పన్న, “ఉండేది చాలదా? ఎందుకప్పా దుడ్లు తగలబెడ్తావు?” అన్నాడు. నేను వినలేదు. పదికాలాలు నిలిచే పని అంటే ఇదే. మే నెలాఖరుకు దీని సత్తా తేలిపోతుంది. ఏం జరగాలని కోరుకుంటున్నానో ఇప్పుడు రాయను. దిష్టి తగులుతుంది.

మీ తమ్ముడు,
ఈరప్ప


ఎర్రబండపల్లి,
3 మార్చి 1982

నా బంగారు తమ్ముడు ఈరప్పకు,

నీ ఉత్తరం మొదట నేను చదివాను, తర్వాత మీ బావ కోసం చదివాను, తర్వాత వీధి కోసం చదివాను. బోరు అనే మాట దగ్గర మీ బావ తలగుడ్డ తీసి బెంగుళూరు దిక్కుకు దండం పెట్టాడు. దిక్కు తప్పు, అది కదిరి దిక్కు. అయినా నేను సరిచేయలేదు. బళ్లారి మాట ఇక ఎత్తనని మూట విప్పేశాడు. నాయన గొర్రెలు ఎక్కడికీ పోలేదని, రూపం మారాయని నాకు ఏడుపొచ్చింది.

దిష్టి అని రాశావు చూడు, అది నిజం. నేనూ ఆ పేరు నోటితో అనను, కాగితం మీద పెట్టను. అది పడాలి, అంతే. ఎదురింటి కదిరమ్మ అప్పుడే వచ్చి పక్కన కూర్చొని, మా చేనుకూ ఒక తడి ఇస్తావా అని అడిగింది. ఊరికే ఎవరిస్తారు అన్నాను. మనసులో ఇద్దామనే ఉంది.

ఒక్క మాట గుర్తుపెట్టుకో. పాయింటు సరిగ్గా ఉండాలి. పాయింటు తప్పితే ఎంత పోసినా లేచేది దుమ్మే. ఇక మొదలుపెట్టిన తర్వాత మధ్యలో ఆపొద్దు. ఎవరేం చెప్పినా ఆపొద్దు. ఎంతదాకా పోతే అంతదాకా పోనీ. బండి ఏ రోజు వస్తుందో ముందే రాస్తే దారి బాగు చేయిస్తాం.

అక్క సిద్దమ్మ


బెంగుళూరు,
8 ఏప్రిల్ 1982

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం పట్టుకొని షెడ్డంతా తిరిగాను. పాయింట్ల గురించి మా అక్క రాసింది చూడండి, ఐదో తరగతి చదివిన మనిషి అని గురప్పన్నకు చూపించాను. ఆయన నోరు వెళ్లబెట్టాడు. నిజమే అక్కా, పాయింటు వెంట్రుకవాసి తప్పినా పొగే. నేను స్వయంగా పెట్టాను. కదిరమ్మ ఏదో అడిగిందని రాసిన చోట ఇన్‌లాండు మడతలో ఇంకు అలుక్కుపోయింది. ఏం అడిగినా ఇద్దాంలే.

పని పూర్తయింది. బోరుతో పాటు ఇంకా చాలా చేయించాను, అవన్నీ రాస్తే బావకు నిద్ర వస్తుంది. ఏప్రిల్ పద్దెనిమిది, ఆదివారం పొద్దున బండి మన ఊరి మీదుగా వస్తుంది. నేనే తోలుకొని వస్తాను. శబ్దం చాలా దూరం నుంచే వినబడుతుంది. రోడ్డుకు అడ్డంగా జీవాలు రాకుండా చూడండి. నువ్వు చెప్పినట్టే మధ్యలో ఆపను.

ఈరప్ప


బెంగుళూరు,
20 ఏప్రిల్ 1982

అక్కా,

ఇంత పని చేస్తావనుకోలేదు. డప్పులు! మామిడాకుల తోరణం! ఊరంతా రోడ్డు మీద! బావ చేతిలో టెంకాయ చూసి నాకు హెల్మెట్టు లోపల కళ్లు నిండాయి. ఒక మోటారు సైకిలు ఇంజను పరీక్షకు ఇంత మర్యాద చేసిన ఊరు ఈ భూమి మీద ఉండదు. చెయ్యెత్తి ఊపాను, చూశావు కదా? ఆపొద్దని నువ్వే రాశావు కాబట్టి ఆపలేదు.

అయితే దుర్వార్త కూడా ఉంది. అనంతపురం దాటి కదిరికి దగ్గరవుతుండగా ఇంజను పట్టేసింది. పిస్టను బోరులో బిగుసుకుపోయింది. ఎండ అంత ఘోరంగా ఉంది. బండిని లారీలో వేసుకొని వచ్చాను. గురప్పన్న, “నేను అప్పుడే చెప్తి గదా” అని ఊరుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఈరప్ప


ఎర్రబండపల్లి,
20 ఏప్రిల్ 1982

ఈరప్పకు,

దీవెనలు ఈసారికి లేవు.

ఆదివారం తెల్లారి లేచి ఊరు ఊరంతా కంపకంచె పీకింది. రోడ్డు నుంచి పెద్ద చేను దాకా బోరు బండి పట్టేంత దారి చేసింది. ఎక్కడ తవ్వాలో చూసి పాయింటు పెట్టడానికి తిప్పయ్య వచ్చాడు. ఆయన అరచేతిలో టెంకాయ నిలబడిన చోట రాయి పాతి, పసుపు పూసి, బండి కోసం రోడ్డు మీద నిలబడ్డాం. ఆడవాళ్లు బిందెలు కూడా తెచ్చుకున్నారు. దూరం నుంచి శబ్దం వినబడింది. డప్పులు మొదలయ్యాయి. వచ్చింది ఏది? నువ్వు. నీ మోటారు సైకిలు. చెయ్యెత్తి ఊపి పోయావు.

మీ బావ ఇంకా రోడ్డు వైపే చూస్తూ, “బోరు బండి యాడ? ఆ పొయ్యేది మన ఈరప్ప కదా?” అన్నాడు. వెనక లారీ వస్తుందేమో అని మధ్యాహ్నం దాకా ఎండలో నిలబడ్డాం. చివరికి పోస్టుమాస్టరు శ్రీరంగప్ప నీ ఉత్తరాలు చదివి, ఇంజను అంటే మన బావి ఇంజను కాదు, నీ మోటారు సైకిలు ఇంజను అని, అందులో పిస్టను ఆడే గొట్టాన్ని వెడల్పు చేయడాన్ని కూడా బోరు అంటారని చెప్పాడు. కదిరమ్మ ఏమన్నదో తెలుసా? “ఏమే సిద్దమ్మా, మీ తమ్ముడు బోరు కాళ్ల సందున పెట్టుకొని పోతాండాడే!” వీధి వీధంతా నవ్వింది. మీ బావ కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసే నాకు ఎక్కువ బాధ కలిగింది.

ఇన్నాళ్లూ దిష్టి అని రాయలేదు. ఇప్పుడు ఏం పోయింది, రాస్తాను. నీళ్లు. నేను అడిగింది నీళ్లు. నాయన గొర్రెల్ని తీసుకుపోయి ఆ ఇనుప ముక్కలో పోశావు. మీ బావ మళ్లీ మూట కడుతున్నాడు.

సిద్దమ్మ


బెంగుళూరు,
28 ఏప్రిల్ 1982

అక్కకు,

మన రెండు ఉత్తరాలూ దారిలో ఒకదాన్నొకటి దాటి వెళ్లినట్టున్నాయి. నీది చదివి, నీ పాత ఉత్తరాలు కూడా తీసి మళ్లీ చదివాను. నేను ఆ ఊర్లోనే పుట్టి, బోరు అంటే ఏమిటో మరిచిపోయాను. ఇక్కడ రోజంతా ఆ మాట ఇనుము గురించే వింటాను. నువ్వు మన ఇంజను అంటే నా బండిది అనుకున్నాను, పాయింటు అంటే దానిలో నిప్పురవ్వ పుట్టించే ముక్క అనుకున్నాను. మోసం చేయాలని మాత్రం కాదు, ఇది నమ్ము.

ఎందుకు చేశానో ఇప్పుడు దిష్టి లేకుండా చెబుతాను. మే ముప్పైన ఇక్కడి క్లబ్బు వాళ్లు ఒక ర్యాలీ పెట్టారు. బెంగుళూరు, మడకశిర, పెనుకొండ, మన ఊరి ముందు నుంచి అనంతపురం, కదిరి, మళ్లీ బెంగుళూరు. బండి మీద ఇద్దరు, సామాను పెట్టెలతో. గెలిస్తే గురప్పన్న షెడ్డులో నాకు సగం పాలు ఇస్తానన్నాడు. జీతగాడిగా మిగలకూడదని నా ఆశ.

ఇంజను విప్పి చూశాక తప్పు తెలిసింది. బోరు మంచిదే. లోపలి దారులు నునుపు చేయించడమూ మంచిదే. చెడగొట్టింది తక్కినవి. పెద్ద కార్బురేటరు పెట్టాను, హెడ్డు, అంటే ఇంజను పైమూత, కోయించి లోపలి ఒత్తిడి పెంచాను. బెంగుళూరు చల్లగాలిలో ఎగిరిపడింది, మన ఎండలో తట్టుకోలేకపోయింది. పైగా ఇద్దరు ఎక్కితే ఎత్తు మీద లాగడమే లేదు. వాటిని తీసేసి పాతవి పెడితే, పిస్టనుకు కాస్త వదులు ఇస్తే నిలుస్తుందని నా నమ్మకం. నమ్మకమే, రుజువు లేదు.

ఒకాయన బండిని ఇప్పుడున్న స్థితిలోనే కొంటానన్నాడు. ఆ దుడ్లతో నీళ్ల బోరుకు బయానా కట్టవచ్చు. నువ్వు ఊ అను, రేపే ఇచ్చేస్తాను. బావను పోనివ్వకు.

ఈరప్ప


ఎర్రబండపల్లి,
5 మే 1982

ఈరప్పా,

అమ్మొద్దు.

పట్టేసిన బండికి ఎవడిస్తాడు మంచి ధర? గొర్రెల్ని బక్కచిక్కాక అమ్మి ఒకసారి చూశాం, చాలు. ఇంకో కారణం కూడా ఉంది, అది నా పొగరు అనుకో. వీధి నవ్విన నవ్వు నేను మింగలేకపోతున్నాను. నువ్వు అదే రోడ్డు మీద అందరికంటే ముందు పోవాలి. నేను చూడాలి. కదిరమ్మ చూడాలి.

మీ బావను అడిగాను. గోడకు ఆనుకొని కూర్చొనే, “గెలవనీలే. నెలాఖరు దాకా ఉంటా” అన్నాడు. ఆయన తన కూలి దినాలు నీ బండి మీద పెట్టాడు, అది గుర్తుపెట్టుకొని బిగించు. ఎండకు ఏది తట్టుకుంటుందో అదే ఉంచు, షోకులన్నీ పీకెయ్.

మా ముందు ఆగొద్దు. ఈసారి తెలిసే రాస్తున్నాను.

అక్క


ఎర్రబండపల్లి,
31 మే 1982

తమ్ముడికి ఒకటికి నూరు దీవెనలు.

గెలిచావో లేదో నాకింకా తెలియదు. నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. అయినా నేను చూసింది నువ్వు చూడలేదు కదా, అది రాస్తాను.

నిన్న పిలవకుండానే ఊరంతా వచ్చింది. ఎగతాళికే వచ్చారు, నాకు తెలుసు. కదిరమ్మ బిందె కూడా తెచ్చింది, ఈసారైనా పడతాయేమో అంటూ. పొద్దెక్కే కొద్దీ తారు మెత్తబడింది. పెనుకొండ దిక్కు నుంచి శబ్దం వచ్చింది. మీ బావ చెయ్యి చెవికి పెట్టుకొని విన్నాడు. “గొంతు మారింది. పోయిన తూరి అరుస్తా ఉన్నింది, ఇప్పుడు పాడతాంది” అన్నాడు. ఆయనకు ఇంజను గురించి ఏమీ తెలియదు. అయినా నేను ఆ మాట నమ్మాను.

ముందు వచ్చింది నువ్వే. నీ ముందు ఎవరూ లేరు, వెనక రోడ్డు ఖాళీ. వెనక కూర్చున్నవాడు భయంతో నిన్ను కావలించుకొని ఉన్నాడు. నువ్వు చెయ్యి ఊపలేదు, తల తిప్పలేదు. తల తిప్పనందుకు నేను ఏడ్చాను. తిప్పి ఉంటే తిట్టేదాన్ని. చాలాసేపటి తర్వాత రెండో బండి వచ్చింది. అప్పటికి ఎవరూ నవ్వడం లేదు. కదిరమ్మ బిందె కింద పెట్టి దాని మీద కూర్చొని, “సిద్దమ్మా, వాడు మన ఈరప్పేనా?” అని అడిగింది. మన ఈరప్ప అంది, విన్నావా? మా తమ్ముడు అని నేను ఎంత గట్టిగా చెప్పానంటే ఎద్దు కూడా తల ఎత్తి చూసింది.

కదిరి దాటావా? అది ఒక్కటి చాలు, ఒక కార్డు ముక్క రాయి.

అక్క


బెంగుళూరు,
5 జూన్ 1982

అక్కకు, బావకు, బిందెతో సహా కదిరమ్మక్కకు నమస్కారాలు.

కదిరి దాటాను. గెలిచాను.

పోయినసారి పట్టేసిన చోటు వచ్చేసరికి నాకు దేవుళ్లందరూ గుర్తొచ్చారు. ఇంజను మాత్రం పట్టించుకోలేదు. నాకంటే ఎక్కువ ఖర్చు పెట్టిన బళ్లు రెండు అనంతపురం దాటగానే పొగలు కక్కుతూ రోడ్డు పక్కన నిలబడి ఉన్నాయి. నా పాత ఇంజనును చూసినట్టే అనిపించింది. బెంగుళూరులో దిగగానే గురప్పన్న ఇంజను మీద చెయ్యి పెట్టి చూశాడు, కాలింది, తీసేశాడు. “సగం షెడ్డు నీదప్పా” అన్నాడు. మాట తిప్పే మనిషి కాదు.

ఇంత ఖర్చు అవసరమా అని అందరూ అడుగుతున్నారు. నిజం చెబుతున్నాను, సగం దండగ. ఏ సగం దండగో తెలుసుకోవడానికే మొత్తం పెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు నా దగ్గరకు వచ్చేవాళ్లకు ఆ దండగ ఉండదు. పెద్ద కార్బురేటరు కావాలని వచ్చినవాణ్ణి తిట్టి పంపుతున్నాను, వాడు తిట్లు తిని మళ్లీ బోరు పనికి వస్తున్నాడు. వచ్చే దసరా దాకా పని ఒప్పుకున్నాను. బయానాలు, బహుమానం కలిపి ఒక పని చేశాను.

అనంతపురంలో బోరు బండి వాళ్లతో మాట్లాడాను. నీళ్ల బోరు, భూమిలో వేసేది, ఇనుములో కాదు. విడమరచి చెబుతున్నాను. ఈ నెల మూడో వారంలో వస్తారు. తోలేది నేను కాదు. బావను కంచె తీసి పెట్టమను.

మీ తమ్ముడు,
ఈరప్ప


ఎర్రబండపల్లి,
24 జూన్ 1982

నాయనా ఈరప్పా,

బండి వచ్చింది. నిజమైనదే, చక్రాలు లెక్కపెట్టి మరీ చేనులోకి రానిచ్చాం.

తిప్పయ్య రాయి పాతిన చోటే మొదలుపెట్టారు. పొద్దున నుంచి దుమ్ము. ఎర్ర దుమ్ము, తర్వాత తెల్ల దుమ్ము, తర్వాత బూడిద లాంటి రాతి పొడి. చూస్తున్నవాళ్ల తలలన్నీ నెరిసిపోయాయి. మధ్యాహ్నానికి బండివాళ్లలో పెద్దాయన వచ్చి, ఇంక లాభం లేదమ్మా, ఆపేద్దామా అన్నాడు. అందరూ నా మొహం వైపు చూశారు. నేను మీ బావ వైపు తిరిగాను. మీ బావ ముందుకొచ్చాడు. ఎప్పుడూ ఎవరికీ ఎదురు చెప్పని మనిషి కదా. “పట్టేసిందని మావాడు బండి అమ్ముకోలేదు. ఇంగా పోనీ” అన్నాడు.

ఇంకో గొట్టం దించారు. పొడి కాస్త ముద్దగా వచ్చింది. పెద్దాయన దాన్ని వేళ్లతో నలిపి చూసి, అందరినీ వెనక్కి జరగమన్నాడు. ఎవరూ జరగలేదు. అప్పుడు లేచాయి నీళ్లు. బండి కంటే ఎత్తు లేచాయి, ఈరప్పా. బోరువాళ్ల లెక్కలో ధార రెండించుల పైనే అన్నారు. మీ బావ అందులోకి నడిచిపోయి తలగుడ్డతో సహా నిలబడ్డాడు, ఎంత పిలిచినా రాలేదు. కదిరమ్మ బురదలో జారి పడి, లేవకుండా అక్కడే కూర్చొని నవ్వింది. ఆమె చేనుకు మొదటి తడి ఇస్తానని ఊరందరి ముందు చెప్పేశాను.

ఇంజను ఖర్చులో సగం దండగ అని రాశావు. ఆ లెక్క నీ షెడ్డులో చెప్పుకో, మా ఊర్లో చెల్లదు. వచ్చే వారం విత్తనం వేస్తాం. మీ బావ మూట కట్టిన గుడ్డలో ఇప్పుడు వేరుశనగ విత్తనం ఉంది.

బోరు పక్క పల్లంలో నీళ్లు ఇంకా నిలిచే ఉన్నాయి. నేను రోజూ పోయి కాళ్లు పెట్టి వస్తున్నాను. చల్లగా ఉన్నాయి, కాస్త ఉప్పగా ఉన్నాయి, మనవి. అందరూ తడిశారు, నువ్వొక్కడివే తడవలేదు. పని ఉంది, బయానా తీసుకున్నాను అని రాయకు. బయలుదేరి రా, వచ్చి తడువు.

నీ అక్క,
సిద్దమ్మ